బెదురు కుక్కకి ట్రైనింగ్: ఆరు వారాల నోట్సు

షెల్టర్ నుంచి వచ్చిన ఆడకుక్క. సుమారు రెండేళ్లు, 14 కిలోలు. గొంతు పెంచితే తోక కాళ్ల మధ్యకి పోతుంది, చెయ్యి పైనుంచి వస్తే నేలకి కరుచుకుపోతుంది. వచ్చాక మొదటి రెండు వారాలు ట్రైనింగ్ ఏమీ లేదు. తిండి, నిద్ర, వేళకి బయట తిప్పడం, అంతే. కింద లెక్క ఆ తర్వాతిది.

1వ వారం: పేరు పిలిస్తే చూడటం, "కూర్చో". విడతకి రెండు నిమిషాలు, రోజుకి మూడు విడతలు. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, బఠాణీ గింజంత ముక్కలు. ఇవన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. క్లిక్కర్ (సరిగ్గా చేసిన క్షణాన్ని తెలిపేందుకు నొక్కే చిన్న డబ్బీ) టక్కుమనగానే మంచం కిందికి దూరింది, కాబట్టి దాని బదులు మెల్లగా "భేష్". మాట ముందు, ఒక సెకనులోపు ముక్క. మాట పూర్తికాకుండానే చెయ్యి సంచీలోకి వెళ్తే కుక్క మాట వదిలేసి చేతినే గమనిస్తుంది.

2వ వారం: వెనకబడింది. "కూర్చో" అంటే ముఖం తిప్పుకుంటోంది, ఆవలిస్తోంది, నేల వాసన చూస్తోంది. ఇది మొండితనం కాదు, ఒత్తిడి. ఇక్కడ మాట రెట్టిస్తే పని ఇంకా చెడుతుంది. వీడియోలో కారణం దొరికింది: ఎదురుగా నిలబడి, మీదికి వంగి ముక్క ఇస్తున్నాం. చికెన్ రమ్మంటోంది, వంగిన ఒళ్లు పొమ్మంటోంది.

అందుకని పక్కకి తిరిగి స్టూలు మీద కూర్చుని, ముక్కని కుక్క వెనక రెండడుగుల అవతల పడేలా విసరడం. బెదిరిన కుక్కకి మన నుంచి దూరం జరగడం కూడా బహుమతే, అందరూ మరిచిపోయేది ఇదే. తిని తనంతట తను తిరిగొస్తేనే ఇంకో ప్రయత్నం. రాకపోతే పిలవకూడదు, ఆ విడత అయిపోయినట్టే. నాలుగో రోజుకి ముక్క నములుతూనే వెనక్కి తిరుగుతోంది. తలకి అతుక్కుని ఉండే చెవులు వదులై పక్కలకి వాలాయి.

3, 4 వారాలు: "పడుకో". నున్నటి నేల మీద మోచేతులు జారి సగంలో లేచిపోతోంది. జారని చాప వేశాక కుదిరింది. లీష్ (కుక్కని పట్టుకునే తాడు) కిందికి లాగడం, భుజాలు నొక్కడం వద్దే వద్దు. తల దించితే ఒక ముక్క, మోచెయ్యి వంగితే ఒకటి, పొట్ట ఆనితే వరసగా మూడు. ఐదు ప్రయత్నాల్లో నాలుగు కుదిరితే పై మెట్టు, మూడైతే అదే మెట్టు, రెండో అంతకన్నా తక్కువో అయితే కింది మెట్టు.

5వ వారం: ఆరుబయట. హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీకి వేసే పట్టీ), మూడు మీటర్ల వదులు లీష్. రోడ్డు దగ్గర చికెన్ ముట్టలేదు. ఆకలి లేక కాదు, భయం హద్దు దాటింది. ఇరవై మీటర్లు వెనక్కి వెళ్తే తింది. ముక్కని మెత్తగా అందుకునే కుక్క పళ్లు తగిలేలా లాక్కుంటోందంటే హద్దు దగ్గరపడినట్టే, అప్పుడే దూరం జరగాలి. కొత్త చోట "పడుకో" అడగలేదు, పేరు పిలవడం నుంచే మళ్లీ మొదలు.

6వ వారం: మంగళవారం తలుపు ధడేలుమంది, వణికిపోయింది. బుధవారం విడతలు లేవు, గడ్డిలో చల్లిన తిండి వెతుక్కోవడం మాత్రమే. గురువారం పెరట్లో ఐదు మీటర్ల నుంచి "రా": పదికి ఎనిమిది. తర్వాతిది "ఆగు", రెండు సెకన్లతో, అదే చాప మీద.