గడ్డి మీద కాలు పెట్టని స్నేహితుడు

"వాన మొదలైంది, ఇలా గడ్డిలోంచి అడ్డంగా వెళ్లిపోదాం రా" అంటూ ముందుకు నడిచాను. వెనక్కి చూస్తే అతను కాలిబాట మీదే ఉన్నాడు. కుడికాలు సగం లేపి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

"అలవాటు" అన్నాడు మెల్లగా. అతనిది ఆఫ్రికాలోని అంగోలా దేశం, హువాంబో ఊరు. నలుగురు నడిచిన దారి తప్పి అడుగు వేయొద్దని చిన్నప్పుడే నేర్పారట. మందుపాతరల భయం.

తడుస్తూ చుట్టూ తిరిగే వెళ్లాం. దారిలో "మీది ఏ తెగ?" అని అడిగేశాను. "ఒవింబుండు. ఆ మాట వినగానే తిరుగుబాటు నాయకుడు సవింబి మనిషివా అంటారు. మా నాన్న ఏ పార్టీలోనూ లేడు" అన్నాడు. ఇక మాట్లాడలేదు.

అంగోలాలో 1975 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధం అది. ప్రభుత్వం నడిపిన పార్టీ ఎంపీఎల్ఏ వెనక సోవియట్, క్యూబా. సవింబి తిరుగుబాటు దళం యూనిటా వెనక దక్షిణాఫ్రికా, అమెరికా. అంగోలాలోని కబిండా ప్రాంతంలో అమెరికన్ కంపెనీ చమురు స్థావరాలకు కాపలా కాసింది క్యూబా సైనికులే! పైవాళ్లకు లెక్కలు అలా కుదిరిపోయాయి. కింద మాత్రం ఊరి పేరు, ఇంట్లో మాట్లాడే భాష చూసి నువ్వు ఎవరి మనిషివో తేల్చేసేవాళ్లు.

తప్పంతా బయటివాళ్లదే అనలేను. 1991లో క్యూబా సేనలు వెళ్లిపోయాయి. 1992 ఎన్నికల తర్వాత మళ్లీ కాల్పులు. ఈసారి ఎంపీఎల్ఏకి చమురు డబ్బు, యూనిటాకి వజ్రాల డబ్బు. కానీ నేలలో పాతిన ఆ మందుపాతరలు చాలావరకు బయటి దేశాల్లో తయారైనవే.

ఆ లేచి ఆగిన కాలే కళ్లముందు కదులుతోంది. రేపు కలవగానే సారీ చెప్పాలి, తెగ అడిగినందుకు.