వాయిదాల డైరీకి తోడుగా ఒక షీట్

మా సీనియర్ లాయర్ గారి ఆఫీసులో కోర్టు వాయిదాల డైరీ ఇప్పటికీ చేత్తోనే రాస్తాం. దాని పక్కనే ఇప్పుడు ఒక గూగుల్ షీట్ కూడా నడుస్తోంది. అందులో ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (కోర్టులో ఆ కేసుకి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు), తర్వాతి వాయిదా, కేసు ఏ దశలో ఉందో ఉంటాయి. సాయంత్రం తేదీలు ఎక్కిస్తే చాలు, వాయిదాకి ముందురోజు క్లయింట్‌కి తెలుగులో మెసేజ్ దానంతటదే వెళ్తుంది.

నాకు అసలు టెన్షన్ తగ్గింది చెక్ బౌన్స్ కేసుల్లో. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకి 15 రోజులు. అవీ దాటితే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఒక్కో తేదీ వేయగానే తర్వాతి గడువు షీటే లెక్కగట్టి, దగ్గరపడితే ఆ గడిని ఎర్రగా చూపిస్తుంది. నోటీసు మాత్రం నేను అక్షరం అక్షరం చదివి, సీనియర్ గారు సంతకం పెట్టాకే పోస్టుకి వెళ్తుంది. ఆ పని షీటుకి వదిలేది కాదు.

నిన్న సివిల్ దావా ఉన్న ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "మెసేజ్ చూశానమ్మా, రేపు లాయర్ల వాదనలేనట, నేను రానక్కర్లేదటగా. అయితే పనికెళ్తా" అన్నారు. ఆయనకి ఒక రోజు కూలి మిగిలింది. సాక్షులకీ ఇలాగే మెసేజ్ వెళ్లేలా ఈ వారం ఏర్పాటు చేస్తున్నాను.