పెద్దమ్మా, పిన్నా?

శనివారం, రాత్రి

మధ్యాహ్నం అమ్మ, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. రేపటి సండే స్కూలు పాఠం కోసం నేను యోహాను సువార్త 19వ అధ్యాయం పైకి చదువుతున్నాను. సిలువ దగ్గర నిలబడిన స్త్రీల వచనం రాగానే అమ్మ చేయి ఆగింది. "ఆయన తల్లి సహోదరి అని ఉంది కదా. పెద్దమ్మా, పిన్నా?" అని అడిగింది. ఇన్నేళ్లుగా చదువుతున్నా నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

చేతులు తుడుచుకుని మిగతా సువార్తలు కూడా తెరిచాను. అదే చోట మార్కు సలోమే పేరు చెబుతాడు, మత్తయి జెబెదయి కుమారుల తల్లి అంటాడు. యోహాను మాత్రం ఈ రెండూ చెప్పకుండా, యేసు తల్లి సహోదరి అంటాడు. ముగ్గురూ చెప్పింది ఒకే స్త్రీ గురించి అయితే, ఆ జెబెదయి కుమారులు, అంటే శిష్యులైన యాకోబు, యోహాను, యేసుకు స్వయానా అన్నదమ్ముల వరస అవుతారు. పండితుల్లో చాలామంది ఈ మాట అన్నారు. కానీ గ్రీకు మూలంలో "తల్లి సహోదరి" తర్వాత "మరియు" అనే మాట లేదు. అందుకే ఆమే క్లోపా భార్య మరియ అని చదివేవారూ ఉన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "అక్కచెల్లెళ్లిద్దరికీ మరియ అనే పేరు పెడతారా ఎవరైనా?" అంది. నేనూ అమ్మ వైపే.

అలా అనుకుని మత్తయి 20వ అధ్యాయానికి వెళ్తే నేను చదివే తీరే మారిపోయింది. జెబెదయి భార్య కొడుకులిద్దరినీ వెంటబెట్టుకొచ్చి, నీ రాజ్యంలో ఒకరిని కుడివైపు, ఒకరిని ఎడమవైపు కూర్చోబెట్టమని అడుగుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెను అత్యాశ గల తల్లిగానే చూశాను. ఇవాళ ఆ మాటల్లో చుట్టరికపు చనువు వినిపించింది. రాజ్యం వస్తుందనుకున్న చోట సిలువ లేచినప్పుడు కూడా ఆమె వెళ్లిపోలేదు, అక్కడే ఉంది. ఈ సంగతి నేనెందుకు గమనించలేదో!

ఇక సిలువ మీద నుంచి యేసు, తాను ప్రేమించిన శిష్యుణ్ణి చూపించి తల్లితో "అమ్మా, ఇదిగో నీ కుమారుడు" అన్న మాట. ఆ శిష్యుడి పేరు సువార్త చెప్పదు, యోహానని సంఘం మొదటి నుంచి నమ్ముతోంది. "అయితే అక్కడ అప్పగించింది పరాయివాడికి కాదు. అక్క కొడుకైనా చెల్లెలి కొడుకైనా నాకు కొడుకే కదా" అంది అమ్మ. యూదుల వరసలు మనవి కావు, నిజమే. అయినా ఆ వచనం ఇంత దగ్గరగా నాకెప్పుడూ రాలేదు.

గలిలయలో మిగతా శిష్యుల్లోనూ కొందరు ఒకరినొకరు ఎరిగినవారే. జెబెదయి కొడుకులు సీమోను పేతురుకు చేపల వేటలో భాగస్థులు, ఫిలిప్పుది పేతురు, అంద్రెయల ఊరైన బేత్సయిదా.

సాయంత్రం దీపాలు పెట్టాక మార్కు గురించి మాట్లాడుకున్నాం. మొదటి సువార్త ప్రయాణంలో పెర్గే పట్టణంలో పౌలును, బర్నబాను విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయిన కుర్రవాడు. రెండో ప్రయాణానికి అతణ్ణి తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు. మాట పెరిగి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని ఓడ ఎక్కి కుప్రకు (సైప్రస్), తన సొంత ద్వీపానికి వెళ్లాడు. అపొస్తలుల కార్యములలో చుట్టరికం ఊసే లేదు. కొలస్సీ పత్రిక 4వ అధ్యాయంలో ఒక్క మాటలో బయటపడుతుంది: బర్నబాకు సమీప జ్ఞాతి. "జ్ఞాతి అంటే దాయాది కదా, అంటే తండ్రి వైపు వాడా?" అంది అమ్మ. గ్రీకు మాటలో ఆ తేడా లేదు. మేనత్త కొడుకైనా, పిన్ని కొడుకైనా, బాబాయి కొడుకైనా ఒకే మాట. బర్నబాను మార్కు బావా అని పిలిచాడో, అన్నయ్యా అని పిలిచాడో! తెలుగులో ఊహించుకుంటే ఆ పిలుపు దగ్గరే ఆగిపోతాను.

బర్నబా పట్టుదల వెనుక రక్తసంబంధం ఉందని తెలిశాక అతని మీద నాకు గౌరవం తగ్గలేదు. మన అనుకున్నవాడు ఒకసారి తప్పిపోతే, వాడి చేయి పట్టుకునేవాడు ఒకడు ఉండాలి. తర్వాత్తర్వాత తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కును వెంటబెట్టుకుని రా, అతడు నాకు ఉపయోగపడతాడు అని పౌలే అడుగుతాడు. ఆ వచనం అమ్మ రెండుసార్లు చదివించుకుంది. పసుపు అంటిన వేలు ఆ పేజీ అంచు మీదే ఉంచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రేపు పిల్లల కోసం బోర్డు మీద సిలువ, దాని పక్కన నలుగురు స్త్రీలను గీస్తాను. సలోమేకు, మరియమ్మకు మధ్య చుక్కల గీత పెడతాను. పెద్దమ్మా, పిన్నా అని వాళ్లనూ అడుగుతాను.