నీళ్లలో ఉండీ దాహంతో వాడిపోయే పూలు

గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పొద్దున్నే కొన్న గులాబీలు మర్నాటికల్లా తల వాల్చేస్తే, పాత సరుకు అంటగట్టాడని పూలవాడిని తిట్టుకోవడం మామూలే. ఒక్కోసారి అది నిజం కూడా కావచ్చు. కానీ చాలా ఇళ్లలో పువ్వు వాడిపోయేది పాత్రలో నీళ్లు లేక కాదు, ఉన్న నీటిని పైకి లాగలేక. కాడ లోపల నీటిని మోసే సన్నని నాళాలుంటాయి. కోయగానే వాటిలోకి గాలి చొరబడుతుంది, ఆ తర్వాత పాత్రలోని నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా కోసిన చోట పేరుకుని దారి మూసేస్తుంది. ఆకులూ రేకులూ మాత్రం తేమను గాలిలోకి వదులుతూనే ఉంటాయి. రెండు రోజుల నాటి కాడ చివరను వేళ్లతో రుద్ది చూస్తే తగిలే జిగురు ఆ బ్యాక్టీరియా పనే.

అందుకే పూలు ఇంటికి రాగానే కాడ అడుగున అంగుళం మేర తీసేయాలి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, చివరను ముంచి ఉంచి కోస్తే నాళాల్లోకి గాలికి బదులు నీరే వెళుతుంది. మొద్దు కత్తెర కాడను నలిపేస్తుంది కనుక పదునైన చాకు మేలు. ఏటవాలుగా కోయమని అందరూ చెబుతారు. అలా కోస్తే కాడ పాత్ర అడుగుకు ఆని మూసుకుపోకుండా ఉంటుంది, అంతకు మించిన మహిమేమీ అందులో లేదు. నీటిలో మునిగే ఆకులను మాత్రం తప్పకుండా తుంచేయాలి, ఎందుకంటే నీళ్లను ముందుగా కుళ్లబెట్టేవి అవే.

నీళ్లలో ఏం కలపాలన్న విషయంలో ప్రతి ఇంట్లోనూ ఒక చిట్కా ఉంటుంది. రాగి నాణెం వేయడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. లీటరు నీటికి చెంచాడు పంచదార, రెండు చెంచాల నిమ్మరసం కలిపితే కొంత ప్రయోజనం ఉంటుంది: పంచదార మొగ్గలు విచ్చుకోవడానికి ఆహారమవుతుంది, పులుపు వల్ల నీరు కాడలోకి తేలికగా ఎక్కుతుంది. అయితే ఆ పంచదారే బ్యాక్టీరియాకూ విందు కాబట్టి, రోజూ నీళ్లు మార్చే ఓపిక లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది. బ్లీచ్ కూడా కలపమనే సలహా ఉంది గానీ, పులుపుతో కలిస్తే అది విషవాయువును వదులుతుంది. దాన్ని నేను ఖాళీ పాత్ర కడగడానికే వాడి, ఆ తర్వాత బాగా తొలిపేస్తాను. శుభ్రమైన పాత్ర చేసే మేలు ఏ పొడీ చేయదని నా నమ్మకం.

అన్ని పూల తీరూ ఒకటి కాదు. జెర్బెరా కాడ మెత్తగా, నూగుగా ఉండి త్వరగా కుళ్లుతుంది కనుక దానికి రెండంగుళాల నీరు చాలు. మన మార్కెట్లలో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. వాడినవి ఎప్పటికప్పుడు గిల్లేస్తే పై మొగ్గలు ముచ్చటగా పూస్తాయి. గ్లాడియోలస్‌కు ఫ్లోరైడ్ పడదు, కాబట్టి నల్గొండ వైపు బోరునీళ్లు వాడేవారు దానికి ఆర్వో ఫిల్టరు నీళ్లు పోయడం మంచిది. మెడ వాల్చిన గులాబీని చివర మళ్లీ కోసి, తొట్టెలో నీళ్లు పోసి గంటసేపు పూర్తిగా మునిగేలా పడుకోబెడితే చాలాసార్లు తేరుకుంటుంది.

పాత్రను ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. ఎండా, ఫ్యాను గాలీ నేరుగా తగలకూడదు. వేసవిలో డైనింగ్ టేబుల్ మీద బంగినపల్లి పళ్ల పక్కనే పూలు పెట్టడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, పండే పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు వాటిని తొందరగా వడలగొడుతుంది. కార్నేషన్లు అయితే అసలు తట్టుకోలేవు.

మల్లెల సంగతి వేరు. కాడ లేని మొగ్గ నీళ్లు తాగలేదు కనుక దానిలో ఉన్న తేమను కాపాడటమొక్కటే మార్గం. నీళ్లు గట్టిగా పిండేసిన తడిగుడ్డలోనో అరిటాకులోనో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. పైన నీళ్లు చిలకరిస్తే రేకుల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఆ డబ్బాను కూడా పళ్ల అరకు దూరంగానే పెట్టాలి.