స్టాసీ ఫైలు బయటికి రావాలంటే రెండు కార్డులు కలవాలి

తూర్పు జర్మనీ గూఢచార పోలీసు స్టాసీ కార్యాలయాల్లోకి జనం దూసుకెళ్లిన కథ చాలామందికి తెలుసు. ఫైళ్లు తగలబెడుతున్నారన్న అనుమానంతో 1989 డిసెంబర్ 4న ఎర్‌ఫుర్ట్‌లో మహిళలు ముందు నడిచారు, 1990 జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయం జనం వశమైంది. ఆ తర్వాత జరిగిన పని గురించే ఎవరూ పెద్దగా చెప్పరు. అల్మారాల్లో వరసగా పేర్చితే 111 కిలోమీటర్ల పొడవుండే కాగితాల్లోంచి ఒక మనిషికి సంబంధించినవి మాత్రమే వెతికి, పక్కింటివాళ్ల గుట్టు బయటపడకుండా ఆ మనిషి చేతిలో పెట్టాలి. నిజంగా కష్టమైంది ఇదే.

1990 సెప్టెంబర్‌లో ఉద్యమకారులు మళ్లీ ఆ భవనంలో బైఠాయించి నిరాహార దీక్ష చేశారు. రెండు జర్మనీలు కలిసిపోయే హడావుడిలో ఈ ఫైళ్లకు తాళం పడుతుందని వాళ్ల భయం. ఆ పట్టుదల వల్లే 1991 డిసెంబర్‌లో స్టాసీ పత్రాల చట్టం వచ్చింది. 1992 జనవరి 2 నుంచి జనం తమ ఫైళ్లు తాము చదవడం మొదలుపెట్టారు. ఈ ఫైళ్లను చూసుకోవడానికి ఒక సంస్థ ఏర్పడింది, మొదట్లో దాన్ని తూర్పు జర్మనీ పాస్టర్ యోఆఖిం గౌక్ నడిపించారు. దాని బాధ్యతలు 2021 జూన్‌లో జాతీయ ఆర్కైవ్స్‌కు వెళ్లాయి.

ఫైలు ఎలా దొరుకుతుందో తెలియాలంటే స్టాసీ దాన్ని ఎలా దాచిందో తెలియాలి. ఎఫ్16 అనే కార్డులో మనిషి అసలు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. ఆ మనిషి నిఘాలో ఉన్నవాడా, వేగు చేసేవాడా అన్నది అందులో ఉండదు. ఆ నంబరు పట్టుకుని ఎఫ్22 అనే వేరే కార్డు దగ్గరికి పోవాలి. అక్కడ మారుపేరు, కేసు రకం, చూసుకునే అధికారి వివరాలు ఉంటాయి గానీ అసలు పేరు ఉండదు. ఏ ఒక్క కార్డు దొరికినా గుట్టు తెలియకూడదని చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఫైలు అడిగిన ప్రతి పౌరుడి కోసం ఆర్కైవ్ సిబ్బంది అదే దారిలో నడుస్తారు. ఎఫ్16 కార్డులు అక్షరక్రమంలో కాక ఉచ్చారణ ప్రకారం ఉంటాయి. జర్మన్‌లో మేయర్ అన్న ఇంటిపేరును నాలుగైదు రకాలుగా రాస్తారు, అవన్నీ ఒకే చోట ఉంటాయి. ఒకే చోట ఉన్న అంతమందిలో మనిషిని గుర్తుపట్టడానికి పుట్టిన తేదీ కావాలి, అది తప్పుగా రాస్తే వెతుకులాట పక్కదారి పడుతుంది.

కాబట్టి దరఖాస్తులో పేరొక్కటే రాస్తే సరిపోదు. పెళ్లికి ముందు ఇంటిపేరు, పుట్టిన ఊరు, అప్పట్లో ఉన్న ఇళ్ల చిరునామాలు, తూర్పు జర్మనీ పౌరులైతే ఆనాటి వ్యక్తిగత గుర్తింపు సంఖ్య రాయాలి. దరఖాస్తు చేస్తున్నది తామేనని అధికారిక ధ్రువీకరణ జతచేయాలి. ఇంకొకరి ఫైలు ఎవరూ కాజేయకుండా ఇదే మొదటి కట్టడి. తన ఫైలు చూసుకునే బాధితుడు ఫీజు కట్టక్కర్లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి, నెలలు పట్టడం మామూలే, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఏమీ దొరకలేదన్న జవాబు వచ్చినా ఆశ వదులుకోనక్కర్లేదు. కట్టలు విప్పి సర్దే పని ఏళ్ల తరబడి సాగింది కనుక కొంతకాలం ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు.

ఫైలు దొరికాక మొదట సిబ్బందే కూర్చుని మొత్తం చదువుతారు. తర్వాత నకలు తీసి, ఆ నకలు మీద మూడో మనిషి సొంత విషయాలను నల్లగా కొట్టేస్తారు. పొరుగామె జబ్బు, స్నేహితుడి ప్రేమ వ్యవహారం లాంటివన్నమాట. అసలు కాగితం మీద గీత కూడా పడదు. స్టాసీ అధికారి పేరును, వేగు మారుపేరును కొట్టేయరు. ఈ తేడాలోనే చట్టం ప్రాణమంతా ఉంది. నిఘా పేరుతో దొంగిలించిన బతుకులను రెండోసారి బజారున పెట్టకూడదు, నిఘా చేసినవాళ్లకు మాత్రం మరుగు దొరకకూడదు.

ఆ మారుపేరు వెనక ఉన్నదెవరో తెలుసుకోవడానికి బాధితుడు విడిగా అడగాలి. కార్డులు, ఫైలు కలిపి చూసి ఎవరో కచ్చితంగా తేలితేనే పేరు చెబుతారు. ఇద్దరిలో ఒకరు కావచ్చు అన్న స్థితిలో చెప్పరు. అది సరైన పద్ధతి. పోలాండ్‌లో 2005లో కమ్యూనిస్టు కాలపు రహస్య పోలీసు ఫైళ్ల ఆర్కైవ్ సూచిక జాబితా ఒకటి బయటికి పొక్కింది. అందులో ఏజెంట్లు, ఏజెంట్లుగా చేర్చుకోవాలని చూసినవాళ్లు, బాధితులు అంతా కలగలిసి ఉన్నారు. పేరు కనిపించినవాళ్లందరి మీదా మచ్చ పడింది. స్టాసీ కాగితాల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. ‘ఐఎం-ఫోర్‌లౌఫ్’ అని రాసి ఉంటే ఆ మనిషిని వేగుగా చేర్చుకోవచ్చా అని పరిశీలిస్తున్నారని మాత్రమే అర్థం. ఆ మనిషి ఒప్పుకోకపోయి ఉండొచ్చు, అసలు తనను ఎవరూ అడిగి కూడా ఉండకపోవచ్చు. కార్డు చూసి తీర్పు చెప్పకుండా ఫైలు లోపలికి వెళ్లాలి. చేతిరాతతో ఇచ్చిన ఒప్పుకోలు పత్రం ఉందా, రిపోర్టులున్నాయా, డబ్బు ముట్టినట్టు రసీదులున్నాయా అని చూడాలి.

ఇక చింపేసిన కాగితాల సంగతి. నడుస్తున్న కేసుల ఫైళ్లు అధికారుల బల్లల మీదే ఉండేవి. 1989 చివర్లో ముక్కలు చేసే యంత్రాలు చాలక చేతులతో చింపి సంచుల్లో కుక్కారు. అలా సుమారు 16,000 సంచులు మిగిలాయి. 1995 నుంచి నూరెంబర్గ్ దగ్గరి సిర్న్‌డోర్ఫ్‌లో వాటిని చేత్తో అతికించారు. సంచిని బోర్లించి కుమ్మరిస్తే పని చెడినట్టే. ఒక బల్ల మీది కాగితాలు సాధారణంగా ఒకే సంచిలోకి, చింపిన వరసలోనే పడతాయి, కనుక పొరలు పొరలుగా పైకి తీయాలి. కాగితం రంగు, మందం, చేతిరాత, టైపు అక్షరాలు చూసి వేరుచేసి, చిరిగిన అంచుకు అంచు కలపాలి. ఇలా 500కు పైగా సంచుల నుంచి దాదాపు 17 లక్షల పేజీలు తిరిగి వచ్చాయి. కంప్యూటర్‌తో చేద్దామని 2007లో మొదలుపెట్టిన ప్రయోగం 23 సంచులు, సుమారు 91,000 పేజీల దగ్గర ఆగింది. ముక్కలను జతచేసే ప్రోగ్రాం పనిచేసింది. ఒక్కో ముక్కను చదును చేసి, రెండు వైపులా స్కాన్ చేసే దగ్గరే పని నత్తనడక నడిచింది.

విదేశీ గూఢచర్య విభాగం కాగితాలైతే చాలావరకు లేవు. 1990లో ఆ విభాగాన్ని తన లెక్కలు తానే మూసుకోనిచ్చారు, అది తన ఫైళ్లను తానే నాశనం చేసుకుంది. నా దృష్టిలో ఆ రోజుల్లో జరిగిన అతిపెద్ద పొరపాటు అదే. దాని కార్డుల మైక్రోఫిల్ము నకళ్లు అమెరికా చేతికి చిక్కాయి, 2003 నాటికి వాటి డిజిటల్ ప్రతులు జర్మనీకి వచ్చాయి. కార్డులు వచ్చాయి గానీ వాటికి సంబంధించిన ఫైళ్లలో ఎక్కువ భాగం లేవు. అక్కడ పేరు, నంబరు తెలిసినా ఆ మనిషి ఏం చేశాడో చాలాసార్లు తేలదు.