డ్రాయింగ్ మీదే మొదలయ్యే ఓడ ప్రయాణం

కొరియాలోని మసాన్ రేవు నుంచి విశాఖకు 180 టన్నుల హై ప్రెషర్ సెపరేటర్ (అధిక పీడనంలో గ్యాసునీ ద్రవాన్నీ వేరుచేసే ఉక్కు పాత్ర, ఈ రంగంలో ‘వెసెల్’) ఒకటి రావాలనుకోండి. ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి అందరి కళ్లూ వెల్డింగ్, రేడియోగ్రఫీ, హైడ్రో టెస్టుల మీదే ఉంటాయి. డిస్పాచ్‌కి నెలన్నర ఉందనగా లాజిస్టిక్స్ వాళ్లకి మెయిల్ వెళ్తుంది: డ్రాయింగ్ పంపుతున్నాం, రేటు చెప్పండి అని. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయి ఉంటుంది. బరువు, సీజీ (గరిమనాభి), లిఫ్టింగ్ లగ్గులు (ఎత్తడానికి పెట్టే కొక్కేలు), సాడిళ్లు (వెసెల్ కూర్చునే కాళ్లు). ఓడలో ఏం జరగాలో తేల్చేవి ఈ నాలుగే. నాలుగూ ప్లేటు కోయకముందే, డ్రాయింగ్ మీదే సరిచూసుకోవాల్సినవి.

డ్రాయింగ్‌లో ఉండేది లెక్క కట్టిన బరువు. ప్లేటు కాస్త మందంగా వచ్చినా, ప్లాట్‌ఫారం క్లిప్పులు తర్వాత కలిసినా అసలు బరువు పెరుగుతుంది. అంతకన్నా ప్రమాదం సీజీ పక్కకి జరగడం. రెండు లగ్గుల మధ్య దూరం 12 మీటర్లు, సీజీ సరిగ్గా నడిమధ్యన ఉందనుకుంటే ఓడ మీది రెండు క్రేన్లకూ చెరో 90 టన్నులు పడతాయి. సీజీ ఒక్క మీటరు అటు జరిగితే ఒక క్రేన్‌కి 105, రెండోదానికి 75. అంత దూరం (రేడియస్) చేయి చాచినప్పుడు క్రేన్ సామర్థ్యం 100 టన్నులే అయితే లిఫ్ట్ అక్కడే ఆగిపోతుంది. ఓడ బెర్తు దగ్గర నిలబడి ఉంటుంది, డిటెన్షన్ (ఓడని ఆపినందుకు కట్టే రుసుము) లెక్క నడుస్తూనే ఉంటుంది. అందుకే తయారీ షాపు దాటకముందే జాకీల మీద లోడ్ సెల్స్ పెట్టి తూయించాలి, ఆ సర్టిఫికెట్ చేతికి రావాలి, సీజీ గుర్తు రెండు పక్కలా పెయింటుతో వేయించాలి. బేరాల్లో ముందుగా కొట్టేసేది ఈ తూకం ఖర్చునే. అసలు ముట్టుకోకూడనిది కూడా అదే.

స్లింగ్ కోణం విషయంలోనూ ఇంతే. అదే బరువును ఒకే హుక్కుతో రెండు స్లింగుల మీద ఎత్తితే, స్లింగు అడ్డానికి 60 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఒక్కోదాని మీద 104 టన్నులు పడతాయి. 30 డిగ్రీలకు వాలితే ఒక్కోదానికీ పూర్తి 180. లగ్గుకి పక్కవాటు లాగుడు కూడా తగులుతుంది. స్ప్రెడర్ బీమ్ (స్లింగులు నిలువుగా ఉండేలా ఎడం చేసే దూలం) అడిగేది అందుకే.

ఇక సాడిళ్లు. సైట్‌లో కాంక్రీట్ పునాది మీద కూర్చోబెట్టడానికి డిజైన్ చేసిన సాడిల్ ఓడ డెక్‌కి సరిపోదు. 3.2 మీటర్ల పొడవు, 0.4 మీటర్ల వెడల్పు ఉన్న బేస్ ప్లేట్ మీద 90 టన్నులు పడితే చదరపు మీటరుకి 70 టన్నులు దిగుతుంది. ట్వీన్ డెక్ (ఓడ లోపలి మధ్య అంతస్తు) చదరపు మీటరుకి 5 టన్నులే మోస్తుందంటే, ఒక్కో సాడిల్ బరువును 18 చదరపు మీటర్లకి పరచాలి. అంటే కింద హెచ్ బీములు, వాటి కింద చెక్క దిమ్మెలు. బీములు కూడా డెక్ కింద ఫ్రేములున్న చోటే రావాలి.

బాగా నష్టం జరిగేది లాషింగ్‌లో, అంటే సరుకుని డెక్‌కి కట్టేయడంలో. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఐఎంఓ వారి సీఎస్ఎస్ కోడ్ (ఓడలో సరుకు పేర్చి కట్టే నియమాలు) అనెక్స్ 13లో ఒక మొరటు లెక్క ఉంది: ఓడకి ఒక్కో పక్కన కట్టే లాషింగులన్నిటి ఎంఎస్ఎల్ (ఒక్కో కట్టుకి అనుమతించే గరిష్ఠ లోడు) కలిపితే సరుకు బరువుకి సమానం కావాలి. మన వెసెల్‌కి పక్కకి 180 టన్నులు. 20 టన్నుల దగ్గర తెగే 13 మిల్లీమీటర్ల గొలుసుకి ఎంఎస్ఎల్ అందులో సగం, 10 టన్నులు. అంటే పక్కకి 18 గొలుసులు. డెక్‌తో 60 డిగ్రీలకన్నా నిట్టనిలువుగా ఉన్నవి ఈ లెక్కలోకి రావు. వెసెల్ పక్కనే నిలువుగా కట్టేసి పద్దెనిమిదీ ఉన్నాయని చూపించేవాళ్లున్నారు. పక్కకి జారకుండా ఆపే పని వాటివల్ల పెద్దగా జరగదు. ఆ కోడ్ ప్రకారమే ఘర్షణ గుణకం ఉక్కు మీద ఉక్కుకి పొడిగా ఉంటే 0.1, తడిస్తే సున్నా. మధ్యలో చెక్క గానీ రబ్బరు గానీ వేస్తే 0.3. ఒక రబ్బరు షీటు చేసే పని ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

గొలుసుల్ని నాజిళ్లకీ (పైపులు తగిలించే మూతులు) నిచ్చెన క్లిప్పులకీ తగిలించకూడదు. డ్రాయింగ్ దశలోనే లాషింగ్ లగ్గులు అడగాలి, లేదా సాడిల్‌కే కన్నాలు పెట్టించాలి. స్టాపర్లు డెక్‌కి వెల్డ్ చేయొచ్చు, అదీ కింద ఇంధన ట్యాంకు లేదని ఖాయం చేసుకున్నాక. వెసెల్‌కి మాత్రం ఒక్క టాక్ వెల్డ్ కూడా పడకూడదు. వెల్డింగ్ తర్వాతి హీట్ ట్రీట్‌మెంట్ అయిపోయిన షెల్ మీద నిప్పు పడితే, ఆ చోటు మళ్లీ పరీక్షించి, బహుశా మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయాల్సి వస్తుంది. ఈ సంగతి ఓడ మీది వెల్డర్‌కి తెలియదు. వెసెల్ మీద పెద్ద అక్షరాలతో, అతనికి అర్థమయ్యే భాషలో రాయించాలి.

లోపల తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపుతారు, మామూలుగా 0.3 నుంచి 0.5 బార్. గేజ్ రీడింగ్ రోజూ రాసేవాళ్లు పక్కనే ఉష్ణోగ్రత కూడా రాయాలి. 40 డిగ్రీల ఎండలో 0.3 బార్ చూపించిన గేజ్, 10 డిగ్రీల చలిలో ఏ లీకూ లేకుండానే 0.17కి వస్తుంది. ఇది తెలియక లీకనుకుని ఫ్లేంజ్ (మూత బిగించే అంచు) బోల్టులు బిగించి గ్యాస్కెట్ (మధ్యలో లీకు ఆపే పొర) నలిపేసిన సందర్భాలున్నాయి.

చెక్క పెట్టెలు, దిమ్మెలు ఐఎస్‌పీఎం 15 (చెక్కలో పురుగులు పోగొట్టే అంతర్జాతీయ నియమం) ముద్రతోనే రావాలి: చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి, 30 నిమిషాలపాటు. ముద్ర లేని నాలుగు దిమ్మెల కోసం మొత్తం సరుకు ఆగిపోవచ్చు.

కాగితాల్లో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది డెక్ మీద ప్రయాణం. బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ఆర్టికల్ 26 ప్రకారం, సరుకు డెక్ మీద ఎక్కించామని బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడవాళ్లిచ్చే సరుకు రసీదు) ఉంటే, ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, బ్యాంకు చెల్లింపు హామీ) ముందే ఒప్పుకోకపోతే బ్యాంకు ఆ కాగితం తీసుకోదు. డెక్ మీద తప్ప పట్టని వెసెల్ అయితే ఎల్‌సీ తెరిచేటప్పుడే ఆ మాట రాయించాలి, బీమా కంపెనీకీ చెప్పాలి. రెండోది, అన్నీ కవరయ్యాయనుకునే సరుకు బీమా షరతులు, ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజ్ ‘ఎ’. అందులో 4.3 కింద ప్యాకింగ్ చాలకపోవడం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం లేదు. అందుకే బీమా వాళ్లు ఒప్పుకునే సర్వేయర్‌ని లోడింగ్‌కి పిలిచి, లాషింగ్ లెక్కలు చూపించి సంతకం తీసుకోవడం మేలు.

ప్రాజెక్ట్ ఇంపోర్ట్ (ప్రాజెక్టు సరుకంతటికీ ఒకే సుంకం రేటు) కింద, అంటే కస్టమ్స్ టారిఫ్ 9801లో తెస్తుంటే, క్లియరెన్స్ ఆర్డర్ రాకముందే కాంట్రాక్టు కస్టమ్స్ హౌస్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. ఓడ వచ్చాక ఫైలు కదిలిద్దామనుకుంటే కుదరదు.

విశాఖలో దిగాక రోడ్డు. వెసెల్ వ్యాసం 3.8 మీటర్లు, సాడిల్ 0.4, ట్రైలర్ 1.2 కలిపితే ఎత్తు 5.4 మీటర్లు. దారిలో కరెంటు తీగల కింద ఎంత ఖాళీ ఉందో మిట్ట మధ్యాహ్నం కొలవాలి, ఎండకి తీగ సాగి కిందికి దిగుతుంది కాబట్టి. రైల్వే గేటు ఉంటే 25 కిలోవోల్టుల లైను కింద దాటడానికి రైల్వే అనుమతి, లైన్ బ్లాక్ (రైళ్లు ఆపి ఇచ్చే) సమయం ముందే తీసుకోవాలి. 14 యాక్సిల్ లైన్ల (చక్రాల అడ్డవరసల) ట్రైలర్, లైనుకి సొంత బరువు 4 టన్నులు వేసుకుంటే, లైను మీద దాదాపు 17 టన్నులు పడతాయి. కల్వర్టులకి అడగాల్సింది ఈ అంకె, మొత్తం బరువు కాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఆ నెలల్లో వచ్చే ఓడకి బెర్తు ఆలస్యాన్ని, ట్రైలర్ అద్దెని ముందే లెక్కలో వేసుకోవాలి.

హుక్కు వదలకముందే వెసెల్ చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకోండి. గేజ్ రీడింగ్, ఫ్లేంజ్ కవర్లు, షాక్ రికార్డర్ (దారిలో తగిలిన కుదుపులు నమోదు చేసే పరికరం) చూడండి. దెబ్బ కనిపిస్తే డెలివరీ తీసుకునేటప్పుడే ఓడవాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వాలి. పైకి కనిపించనిదైతే హేగ్ నియమాల (ఓడ రవాణాలో బాధ్యతల నియమాలు) కింద మూడు రోజుల గడువుంటుంది, దావాకి ఏడాది. సైట్‌లో మ్యాన్‌వే (మనిషి దూరే ద్వారం) తెరిచేవాళ్లకి లోపలున్నది నైట్రోజన్ అని చెప్పండి. ప్రెషర్ వదిలి, గాలి ఆడించి, ఆక్సిజన్ 19.5 శాతం దాటిందని మీటరు చూపించాకే ఎవరైనా లోపల కాలు పెట్టాలి.