బలగాల తరలింపుతో సిమ్యులేషన్ పాఠం

సిమ్యులేషన్ మోడలింగ్ (నిజ వ్యవస్థ నడకను కంప్యూటర్‌లో అనుకరించి చూసే పద్ధతి) బోధించడానికి బ్యాంకు కౌంటరు క్యూ కంటే సైనిక బలగాల తరలింపే మంచి ఉదాహరణ అని నా అభిప్రాయం. బ్యాంకుకు మనుషులు ఒక్కొక్కరుగా వస్తారు; ప్రయాణం మధ్యలో ఆగే ట్రాన్సిట్ క్యాంపులో సైనికులు బస్సుల కొద్దీ దిగుతారు, వారిని తీసుకువెళ్లే విమానమేమో వాతావరణానికి, సిబ్బంది విశ్రాంతి వేళలకు, రన్‌వే ఖాళీకి లోబడి కదులుతుంది.

మొదట కాగితం మీదే లెక్క వేయిస్తాను. రోజుకు 120 మంది వచ్చి సగటున 3 రోజులు ఆగితే, జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం క్యాంపులో సగటున 360 మంది ఉంటారు. అయితే 360 మంచాలు చాలుననే సమాధానం విద్యార్థుల నుంచి ఠక్కున వస్తుంది. ఒక్క విమానం రద్దయి, అదే రాత్రి మరో నాలుగు బస్సులు దిగేలా మోడల్‌ను నడిపిస్తే, సగటుకూ గరిష్ఠానికీ మధ్య దూరం వాళ్లకే కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలు తరచు చెప్పే మరో అలవాటును, అంటే మోడల్ నిలకడకు రాకముందటి తొలి దశ ఫలితాలను తీసివేయడాన్ని, ఇక్కడ మాన్పించాలి. 1990 ఆగస్టులో గల్ఫ్‌కు బలగాలను తరలిస్తూ అమెరికా తన పౌర రిజర్వు విమాన వ్యవస్థను (అవసరమైతే సైన్యం వాడుకునే ప్రైవేటు విమాన సంస్థల విమానాలను) తొలిసారి రంగంలోకి దింపింది; అలాంటి తరలింపు దాదాపు శూన్యం నుంచి మొదలవుతుంది, వనరులు మధ్యలో చేరతాయి, కాబట్టి ఆ తొలి రద్దీయే అసలు ప్రశ్న. అందుకే స్థిరస్థితి సగటును, అంటే మోడల్ నిలకడకు వచ్చాక ఉండే సగటును, నేను అడగను. వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలతో మోడల్‌ను అనేకసార్లు నడిపి, నూటికి 95 సార్లు సరిపోయే మంచాల సంఖ్యను రాయమంటాను.